అపాయింట్‌మెంట్ నిడివి ఎంత పెట్టాలి? కుర్చీ మళ్ళీ ఖాళీ అయ్యేదాకా లెక్కపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముగ్గురు స్టాఫ్ ఉన్న సెలూన్ మీది. బుకింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన రోజున అన్ని సర్వీసులకీ గుండుగుత్తగా 30 నిమిషాలు పెట్టేశారు. మధ్యాహ్నానికి 20 నిమిషాలు, సాయంత్రానికి 40 నిమిషాలు లేటవుతోంది. కూర్చున్నవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు, కొందరు లేచి వెళ్ళిపోతున్నారు. సరేనని అన్నిటినీ 60 చేస్తే క్యాలెండర్ నిండా ఖాళీలు మిగిలి రాబడి పడిపోయింది. ఇప్పుడు 30కీ 60కీ మధ్య సరైన అంకె ఏదని అడుగుతున్నారు.

అలాంటి అంకె ఒకటి ఉండదు. 45 పెట్టినా ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది, పొద్దున ఖాళీలు, సాయంత్రం ఆలస్యాలు రెండూ కొంచెం కొంచెం చొప్పున వస్తాయి. నేను పదకొండేళ్ళు రిసెప్షన్‌లో కూర్చుని అపాయింట్‌మెంట్లు రాశాను. ఆ తర్వాత క్లినిక్‌లకీ సెలూన్లకీ రిపేరు సెంటర్లకీ బుకింగ్ సెట్ చేసిచ్చే పనిలోకి వచ్చాను. వెళ్ళిన ప్రతిచోటా మొదట కనిపించే పొరపాటు ఇదే: నిడివిని పని పట్టే సమయం అనుకోవడం. నా దృష్టిలో నిడివి అంటే తర్వాత రాబోయే మనిషికి మీరిచ్చే మాట. పదకొండింటికి రమ్మన్నామంటే పదకొండింటికి ఆ కుర్చీ శుభ్రంగా ఖాళీగా ఉండాలి, పని చేసే మనిషి చేతులు కడుక్కుని నిలబడి ఉండాలి. ఆ మాట నిలబడేలా పెట్టిన అంకే సరైన నిడివి.

కాబట్టి స్టాఫ్‌ని "హెయిర్‌కట్‌కి ఎంతసేపు పడుతుంది?" అని అడక్కండి. అలా అడిగితే చేతిలో కత్తెర ఉన్నంతసేపే చెబుతారు. వాళ్ళేమీ అబద్ధం చెప్పరు, వాళ్ళ మనసులో పని అంటే అదే. ఎలా కావాలో మాట్లాడుకున్న ఐదు నిమిషాలు, తల కడగడం, చివర్లో అద్దం చూపించి ఇంకొంచెం సరిచేయడం, డబ్బులు తీసుకోవడం, నేల ఊడవడం, దువ్వెనలు మార్చడం ఇవేవీ వాళ్ళ లెక్కలో ఉండవు. అడగాల్సింది ఇలా: "ఒక మనిషి ఈ కుర్చీలో కూర్చున్న నిమిషం నుంచి ఇంకో మనిషి ఇదే కుర్చీలో కూర్చోగలిగే నిమిషం దాకా ఎంత?"

ఇలా అడిగితే ఇంకో సంగతి బయటపడుతుంది. మనం ఒక్క అంకె అనుకుంటున్నది నిజానికి మూడు అంకెలు. కస్టమర్‌కి కనిపించే సమయం ఒకటి, స్టాఫ్ కట్టుబడి ఉండే సమయం ఒకటి, కుర్చీనో గదినో మెషీన్నో పట్టి ఉంచే సమయం ఒకటి. ఈ మూడూ చాలా పనుల్లో వేరువేరు. పంటి డాక్టర్ దగ్గర చూడండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక అది ఎక్కేదాకా డాక్టర్‌కి ఖాళీయే, కుర్చీకి మాత్రం ఖాళీ లేదు. మానసిక చికిత్స చేసేవాళ్ళు "గంట" అని చెప్పి 50 నిమిషాలు కూర్చుని, మిగతా పది నిమిషాల్లో నోట్సు రాసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. అక్కడ కస్టమర్‌కి 50, గదికీ మనిషికీ 60. మీరు పెట్టిన 30 ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేసింది.

సాఫ్ట్‌వేర్‌లో వీటికి వేరువేరు అరలు ఉంటాయి, పేర్లే మారుతుంటాయి. పని సమయం డ్యూరేషన్‌లోకి వెళ్తుంది. శుభ్రం చేసుకోవడం, నోట్సు రాసుకోవడం బఫర్‌లోకి వెళ్తాయి. కాలెండ్లీ అనే బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ ముందూ పెట్టొచ్చు, వెనకా పెట్టొచ్చు. సెలూన్లు వాడే ఫ్రెషా సాఫ్ట్‌వేర్‌లో పని తర్వాతి అదనపు సమయం రెండు రకాలు: స్టాఫ్‌కి ఖాళీ దొరికే ప్రాసెసింగ్ టైమ్, ఎవరూ బుక్ చేసుకోలేని బ్లాక్‌డ్ టైమ్. మీది ఏ సాఫ్ట్‌వేర్ అయినా ముందు ఈ అరలు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకోండి. బఫర్‌ని డ్యూరేషన్‌లో కలిపేయకండి. కలిపితే కస్టమర్‌కి వెళ్ళే మెసేజ్‌లో "40 నిమిషాలు" అని పడుతుంది, 33 నిమిషాలకే పని అయిపోతే నన్ను తొందరగా పంపించేశారని ఆ మనిషికి అనిపిస్తుంది.

ఇక కొలవడం. ఈ పని తప్పించుకోవడానికి దారి లేదు. మన పనికి ఎంతసేపు పడుతుందో మనమే తక్కువ అంచనా వేసుకుంటామని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో అచ్చైన ఒక పరిశోధనలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందనుకున్నారు, పట్టింది 55 రోజుల పైనే. వాళ్ళు బద్ధకస్తులని కాదు. అంచనా వేసేటప్పుడు అన్నీ సాఫీగా జరిగే రోజే మన కళ్ళ ముందుంటుంది, ఆటంకాలు వచ్చిన రోజులు గుర్తుకు రావు. మీ స్టాఫ్ చెప్పే "అరగంట" కూడా ఆ సాఫీ రోజుదే.

రెండు వారాలు చాలు. ప్రతి కుర్చీ దగ్గర ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో గీత, అందులో ఐదు సమయాలు: ఇచ్చిన టైమ్, వాళ్ళు వచ్చిన టైమ్, కూర్చున్న టైమ్, లేచిన టైమ్, కుర్చీ మళ్ళీ సిద్ధమైన టైమ్. పక్కన సర్వీసు పేరు, కొత్త మనిషా పాత మనిషా అన్న ముక్క. ఎక్కువగా అడిగే సర్వీసులకి ఒక్కోదానికి 30 గీతలు వచ్చేదాకా రాయండి. అరుదుగా వచ్చేవాటికి పది వచ్చినా సరిపెట్టుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక క్లినిక్‌లో ఇలాగే పుస్తకాలు పెట్టించి రెండు వారాల తర్వాత తెరిచి చూశాను. ఒక పుస్తకంలో ప్రతి అంకె సున్నాతోనో ఐదుతోనో ముగిసింది. 10:00, 10:30, 11:00, 11:30. నిజంగా కొలిస్తే 10:27, 11:04 లాంటివి పడి తీరాలి. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగితే, లేటుగా చేస్తున్నానని తీసేస్తారేమోనని భయపడి సాయంత్రం కూర్చుని అన్నీ ఒకేసారి నింపానని చెప్పింది. తప్పు ఆమెది కాదు, ఎందుకు కొలుస్తున్నామో ముందుగా చెప్పకపోవడం మాది. మీ ముగ్గురినీ కూర్చోబెట్టి మొదటిరోజే చెప్పండి: ఇది మిమ్మల్ని పరుగెత్తించడానికి కాదు, మీకు కావలసినంత సమయం క్యాలెండర్‌లో రాసి పెట్టడానికి. చెప్పడమే కాదు, ఆ మాట మీద నిలబడండి.

పుస్తకం నిండాక ఏం చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక సర్వీసుకి పది కొలతలు, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసలో పెడితే ఇలా వచ్చాయనుకోండి: 38, 40, 41, 43, 44, 46, 47, 52, 58, 71. సగటు 48. నడిమి విలువ 45, అంటే సగం మంది అంతకంటే తక్కువలోనే అయిపోయారు. పదిలో ఎనిమిది 52 లోపే ముగిశాయి. ఈ మూడు అంకెలూ మూడు వేరే కథలు చెబుతాయి. 45 పెడితే సగంసార్లు మాట తప్పుతారు. 71 పెడితే ఎప్పుడూ తప్పరు, కానీ పదిలో తొమ్మిదిసార్లు కుర్చీ ఊరికే ఉంటుంది. నేనైతే 52 దగ్గర మొదలుపెడతాను, అంటే ఐదుగురిలో నలుగురికి సరిపోయే అంకె దగ్గర.

ఆ 71ని మాత్రం వదిలేయకండి. దాని గీత వెతికి ఆ రోజు ఏం జరిగిందో అడగండి. నేను చూసినంతలో ఇలాంటి దూరపు అంకె వెనక దాదాపు ఎప్పుడూ ఇంకో సర్వీసు దాగి ఉంటుంది. చాలా పొడవైన జుట్టు అయి ఉంటుంది, లేదా పిల్లాడిని వెంట తెచ్చి "వీడికి కూడా కొంచెం" అని ఉంటారు. అది కట్‌కి ఎక్కువ సమయం పట్టడం కాదు, వేరే పేరుతో వేరే సర్వీసుగా ఉండాల్సింది కట్ కింద బుక్ అయిందన్నమాట. అలాంటివాటిని విడదీసి పేరు పెట్టగానే మిగిలిన అంకెలు దగ్గరదగ్గరగా చేరతాయి, నిడివి తగ్గించుకునే వీలు కూడా వస్తుంది.

సగటు ఎందుకు పెట్టకూడదని చాలామంది అడుగుతారు. ఒకరికి ఎక్కువైతే ఇంకొకరికి తక్కువవుతుంది, రెండూ కొట్టుకుపోతాయి కదా అని. వినడానికి బాగుంది, ఒక పూట కాగితం మీద వేసి చూడండి. 9 గంటల నుంచి అరగంటకొకరు. నిజంగా పట్టిన సమయాలు 24, 36, 25, 35, 30. మొత్తం 150, సగటు సరిగ్గా 30. మొదటి మనిషి 9:24కి లేచారు. రెండో మనిషి 9:30కి కదా వస్తారు, ఆ ఆరు నిమిషాలూ పోయాయి. ఆయన పని 10:06కి అయింది. మూడోది 10:31కి, నాలుగోది 11:06కి, ఐదోది 11:36కి. సగటు తు.చ. తప్పకుండా కుదిరింది, అయినా చివరికి ఆరు నిమిషాలు లేటు. ముందుగా అయిపోయిన నిమిషాలు ముందుకి మోసుకుపోలేం, ఆలస్యమైన నిమిషాలు మాత్రం గొలుసుకట్టుగా కిందికి దిగుతూనే ఉంటాయి. మీ సాయంత్రపు 40 నిమిషాల వెనకున్న అసలు కారణం ఇదే. పొద్దున ఎవరో ఒక్కరు ఆలస్యం చేశారని కాదు, ఆ ఆలస్యాన్ని ఆపే గట్టు మీ క్యాలెండర్‌లో ఎక్కడా లేదు.

ఆ గట్టు ఎక్కడ కట్టాలన్నది ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. చాలామంది ప్రతి అపాయింట్‌మెంట్ వెనకా పది నిమిషాలు అతికిస్తారు. అంత అక్కర్లేదు. పనుల హెచ్చుతగ్గులకి ఒకదానితో ఒకదానికి సంబంధం లేనప్పుడు, నాలుగు పనులు కలిస్తే మొత్తం హెచ్చుతగ్గు నాలుగు రెట్లు అవ్వదు, రెండు రెట్లే అవుతుంది. అందరూ ఒకేరోజు ఆలస్యం చేయరు కదా. ఒక్కో పనికి 8 నిమిషాల వెసులుబాటు విడివిడిగా ఇస్తే 32 నిమిషాలు కావాలి. అదే నాలుగింటికీ కలిపి ఒకేచోట పెడితే ఉజ్జాయింపుగా 16తో అదే రక్షణ వస్తుంది. అందుకని శుభ్రం చేసుకోవడానికి కావలసిన నాలుగైదు నిమిషాలు మాత్రం ప్రతిదాని వెనకా పెట్టండి, అది నిజమైన పని కాబట్టి. ఆలస్యాన్ని మింగే సమయాన్ని మూడు నాలుగు అపాయింట్‌మెంట్ల తర్వాత ఒక ముక్కగా పెట్టండి. క్యాలెండర్‌లో దాన్ని ఎవరూ బుక్ చేసుకోలేని బ్లాక్‌గా, రోజూ అదే సమయానికి వచ్చేలా వేయండి. ఆ ముక్కని చూసి "ఖాళీగానే ఉందిగా" అని రిసెప్షన్‌లో ఎవరో ఒకరిని దూర్చకుండా చూసుకోండి. ఒక వారం దూర్చారంటే మళ్ళీ మొదటికొస్తారు.

అపాయింట్‌మెంట్ల మీద మొదట లెక్కలు వేసి చూపినవాళ్ళలో బెయిలీ, వెల్చ్ ఉన్నారు, 1952లో లాన్సెట్ పత్రికలో. ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో మొదట ఇద్దరు రోగుల్ని ఒకేసారి రమ్మని, ఆ తర్వాత సగటు పరీక్షా సమయానికి ఒక్కొక్కరిని పిలవమన్నారు. డాక్టర్ ఊరికే కూర్చోకూడదన్నది అక్కడి అవసరం. ఈ పద్ధతి ఇప్పటికీ కొందరు సలహాగా ఇస్తుంటారు. మీరు మాత్రం చేయకండి. మీ దగ్గర ఎదురుచూసే మనిషికి వేరే చోటికి వెళ్ళే దారి ఉంది, తొమ్మిదింటికే ఇద్దరిని పిలిచి ఒకరిని కూర్చోబెడితే ఆ ఒక్కరు మళ్ళీ రారు.

ఇప్పుడు నిడివి కన్నా తక్కువగా పట్టించుకునే సెట్టింగ్ గురించి. మీ క్యాలెండర్‌లో ఖాళీలు రావడానికి సగం కారణం ఇదే అని నా అనుమానం. స్లాట్ ఇంటర్వెల్ అనో స్టార్ట్ టైమ్ ఇంక్రిమెంట్ అనో ఉంటుంది. కస్టమర్‌కి ఎన్ని నిమిషాలకొక ప్రారంభ సమయం చూపించాలన్నది అది. నిడివి మార్చి దీన్ని మార్చకపోతే లెక్క చెడుతుంది. 45 నిమిషాల సర్వీసు, ప్రారంభాలు మాత్రం అరగంటకొకటి అనుకోండి. 9 నుంచి 1 దాకా ఉన్న నాలుగు గంటల్లో 9, 10, 11, 12 గంటలకి నలుగురే పడతారు, ప్రతి ఇద్దరి మధ్యా 15 నిమిషాలు వృథా. అదే ఇంటర్వెల్ 15 చేస్తే 9:00, 9:45, 10:30, 11:15, 12:00 అని ఐదుగురు పడతారు. మరి ఎప్పుడూ 15 పెట్టేస్తే సరిపోదా అంటే, అక్కడ ఇంకో చిక్కు. ఎవరో 9:15 ఎంచుకుంటారు, దాని ముందున్న పావుగంట ఎవరికీ పనికిరాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉన్న బుకింగుల పక్కనే సమయాలు చూపించి ఖాళీలు తగ్గించే ఆప్షన్ ఉంటుంది. ఉంటే తప్పకుండా ఆన్ చేయండి.

నేను చేసే పద్ధతి ఏమిటంటే, ముందు ఒక మూల కొలత ఎంచుకుంటాను. డెంటల్ క్లినిక్‌లలో 10 నిమిషాల యూనిట్టా 15 నిమిషాల యూనిట్టా అని పాతకాలం నుంచీ వాదులాట ఉంది, దాని వెనకున్నది ఇదే ఆలోచన. బఫర్‌తో కలిపి ప్రతి సర్వీసూ ఆ కొలతకి పూర్తి గుణిజంగా ఉండాలి, ఇంటర్వెల్ కూడా అదే ఉండాలి. మీ సెలూన్‌కి 20 బాగుంటుందనిపిస్తోంది. కట్ 35, బఫర్ 5, మొత్తం 40. గడ్డం సరిచేయడం లాంటి చిన్న పని 15, బఫర్ 5, మొత్తం 20. పెద్దవి 60, 80. నాలుగు గంటల పూటలో 240 నిమిషాలు. ఐదు కట్‌లకి 200 పోతే 40 మిగులుతుంది. అందులో 20 ఆలస్యాన్ని మింగే ముక్క, ఇంకో 20 చిన్న సర్వీసు. ఎక్కడా తోక మిగల్లేదు. మీ కొలతల్లో కట్ 47 అని తేలితే దాన్ని 40లోకి కుక్కకండి, 60కి పంపండి లేదా మూల కొలతనే 10 చేయండి. అంకె అందంగా ఉండటం కోసం కొలతని వంచితే ఇంత కష్టపడి రాసుకున్నదానికి అర్థం ఉండదు.

కలరింగ్ దగ్గర కొంచెం ఆగాలి. రంగు వేయడానికి 40, అది పట్టడానికి 35, కడిగి ఆరబెట్టడానికి 40 అనుకుందాం. మధ్యలోని ఆ 35లో స్టైలిస్ట్ చేతులు ఖాళీ. ప్రాసెసింగ్ టైమ్ అన్న సెట్టింగ్ ఉన్నది ఆ ఖాళీలోకి ఇంకో బుకింగ్ రానివ్వడానికే. రాబడికి ఇది చాలా మంచిది, కానీ అక్కడ ఏ పనిని రానిస్తారన్నది చూసుకోవాలి. ఒకచోట నేను సెట్టింగ్స్ మారుస్తూ కౌంటర్ దగ్గర ఉన్నాను. రంగు వేసుకున్నావిడ తలకి కవర్ చుట్టుకుని కూర్చుంది, స్టైలిస్ట్ పక్క కుర్చీలో ఇంకొకరికి కట్ చేస్తోంది. టైమర్ మోగింది. ఆ కట్ అప్పటికి ఒకవైపే అయింది. దాన్ని వదిలిపెట్టి రావడానికి లేదు, రంగు ఆగదు. దువ్వెన నోట్లో పెట్టుకుని అటొక చూపు ఇటొక చూపు చూస్తూ ఆమె పడిన కంగారు నాకిప్పటికీ గుర్తే. చివరికి రిసెప్షన్ అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని రంగు కడిగింది. ఆ రోజు ఆ ఖాళీలోకి 30 నిమిషాల కట్‌ని రానిచ్చింది సాఫ్ట్‌వేర్, రానివ్వమని చెప్పింది సెట్టింగ్.

అప్పటినుంచి నా నియమం: మధ్య ఖాళీలోకి వచ్చే పని, బాగా ఆలస్యమైన రోజున కూడా టైమర్ కంటే ముందే ముగిసేదై ఉండాలి. 35 ఖాళీలో 20 నిమిషాల బ్లాక్ సరే, 40 వద్దు. సాఫ్ట్‌వేర్ అలా ఏరి ఎంచలేకపోతే ఆ ఖాళీని ఆన్‌లైన్ బుకింగ్‌కి మూసేసి, రిసెప్షన్ నుంచి చేత్తో మాత్రమే నింపండి. ఇంకొకటి. కలర్ తయారీదారులు సాధారణంగా 48 గంటల ముందు చర్మం మీద అలర్జీ పరీక్ష చేయమంటారు. దాన్ని కూడా ఒక చిన్న సర్వీసుగా క్యాలెండర్‌లో పెట్టండి. అది ఎక్కడా రాసి లేకపోతే ఏదో ఒక కట్ మధ్యలో దూరుతుంది, ఆ ఐదు నిమిషాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు.

సర్వీసుల పేర్లు కూడా నిడివిలో భాగమే. కస్టమర్‌కి మీ పనిలోని తేడాలు తెలియవు. "బేసిక్", "అడ్వాన్స్‌డ్" అని రాస్తే అందరూ బేసిక్ నొక్కుతారు, అది చిన్నదీ చవకైనదీ కాబట్టి. తన గురించి తాను అద్దంలో చూసి చెప్పగలిగే మాటల్లో రాయండి: "భుజాల కిందికి జుట్టు ఉంటే", "ఇంతకుముందు రంగు వేయించుకుని ఉంటే". మొదటిసారి వచ్చేవాళ్ళకి వేరే సర్వీసు పెట్టండి, మూల కొలత ఒకటి ఎక్కువగా. "పది నిమిషాలు ముందుగా రండి" అని మెసేజ్ పెట్టి సరిపెట్టాలని చూడకండి, సగం మంది రారు. కట్‌తోపాటు కలర్ అడిగేవాళ్ళకి రెండు సర్వీసులు కలిపి ఎంచుకోమంటే సాఫ్ట్‌వేర్ మామూలుగా రెండు నిడివులూ కూడేస్తుంది. కడగడం, ఆరబెట్టడం రెండింటికీ ఒకటే కాబట్టి అంత అక్కర్లేదు. తరచుగా అడిగే జోడీలకి సొంత పేరు, కొలిచిన సొంత నిడివి ఇవ్వండి.

ముగ్గురికీ ఒకే అంకె ఉండాలని లేదు. స్టాఫ్‌ని బట్టి నిడివి మార్చుకునే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. కొత్తగా చేరిన మనిషికి 60, అనుభవం ఉన్నవాళ్ళకి 40 పెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. కొత్తవాళ్ళని 40లోకి నెడితే పనిలో తప్పులు దొర్లుతాయి, వాళ్ళ ధైర్యం పోతుంది. మూడు నెలలకోసారి మళ్ళీ కొలిచి తగ్గించుకుంటూ రండి. మరీ ఎక్కువ ఇవ్వడమూ మంచిది కాదు. పని తనకిచ్చిన సమయమంతా సాగుతుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో అన్నమాట కుర్చీ దగ్గర కూడా నిజమే. మీరు 60 పెట్టిన రోజుల్లో కట్‌లు కూడా కొంచెం సాగి ఉంటాయి, కాబట్టి ఆ రోజుల కొలతల్ని లెక్కలోకి తీసుకోకండి.

చెప్పకుండా రాకపోయేవాళ్ళ కోసం నిడివి తగ్గించడం, ఒకే స్లాట్‌లో ఇద్దరిని వేయడం వద్దు. అది రిమైండర్ మెసేజ్‌తోనూ అడ్వాన్స్‌తోనూ తీరే సమస్య. లేటుగా వచ్చేవాళ్ళకి ఒక హద్దు పెట్టి, బుకింగ్ కన్ఫర్మ్ అయిన మెసేజ్‌లోనే రాయండి. 40 నిమిషాల స్లాట్‌కి 10 నిమిషాలు నా లెక్క. అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్ళని కూడా తీసుకుంటే మాత్రం రోజంతా నింపకండి. ఎవరెప్పుడు వస్తారో తెలియని వరసకి ఒక పాత సూత్రం ఉంది: కుర్చీ 80 శాతం సమయం నిండి ఉంటే సగటు ఎదురుచూపు నాలుగు పనులంత, 90 శాతం నిండితే తొమ్మిది పనులంత. చివరి పది శాతం నింపుకోవాలన్న ఆశ ఎంత ఖరీదైనదో దాన్ని చూస్తే తెలుస్తుంది.

మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి. డ్యూరేషన్ మారిస్తే ఇప్పటికే ఉన్న బుకింగులు మామూలుగా పాత నిడివితోనే ఉండిపోతాయి, ప్రతి నెలా తిరిగొచ్చే రికరింగ్ బుకింగులైతే మరీనూ. అందుకని బుకింగులు పలచగా ఉన్న ఒక తేదీని ఎంచుకుని, ఆ తర్వాత ఉన్నవాటిని ఒక్కొక్కటే తెరిచి సరిచేయండి. తర్వాత లాగౌట్ అయి, ఫోన్‌లో మామూలు కస్టమర్‌లాగా మీరే ఒక బుకింగ్ చేయండి. మూసే సమయం దగ్గర ఏం చూపిస్తోందో తప్పకుండా చూడండి. ఎనిమిదింటికి మూస్తామని పెడితే చివరి పని ఎనిమిదికి ముగియాలని కొన్ని సాఫ్ట్‌వేర్లు అర్థం చేసుకుంటాయి, ఎనిమిదికి మొదలుకావచ్చని కొన్ని అర్థం చేసుకుంటాయి. ఆ తేడా మీ స్టాఫ్ ఇంటికి వెళ్ళే టైమ్. ఫోన్‌లోని క్యాలెండర్‌తో కలిపి ఉంటే బఫర్ అక్కడ కూడా కనిపిస్తోందో లేదో చూడండి, కనిపించకపోతే ఎవరో ఒకరు అది ఖాళీ అనుకుంటారు.

మార్చాక నెలరోజులు ఒక్క అంకె చూడండి చాలు: ఇచ్చిన టైమ్‌కి ఐదు నిమిషాల లోపు ఎంతమంది కుర్చీలో కూర్చున్నారు. పొద్దున మొదటి కస్టమర్‌కి ఎలాగూ సరిగ్గా ఉంటుంది, కాబట్టి భోజనానికి ముందు చివరి మనిషినీ రోజులో చివరి మనిషినీ చూడండి. భోజనం ముందు బాగుండి సాయంత్రం చెడుతుంటే రెండో పూటలో మింగే ముక్క చాలట్లేదని అర్థం. రెండుపూటలా చెడుతుంటే నిడివే తక్కువ పెట్టారు.

ఒకటి మీరు రాయలేదు, తల కడిగే బేసిన్లు ఎన్ని ఉన్నాయని. మూడు కుర్చీలకి ఒక్కటే అయితే పైన చెప్పినవన్నీ చేసినా మళ్ళీ అక్కడే ఇరుక్కుంటారు, ఎందుకంటే ముగ్గురికీ గంట కొట్టినట్టు ఒకే సమయానికి కస్టమర్లు వస్తే ముగ్గురూ ఒకేసారి బేసిన్ దగ్గర నిలబడాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో రిసోర్స్ అన్న సెట్టింగ్ ఉంటే బేసిన్‌ని అందులో చేర్చి కడగడం ఉన్న సర్వీసులన్నిటికీ జతచేయండి. అయితే చాలావాటిలో రిసోర్స్ సర్వీసు మొత్తం నిడివికి బుక్ అయిపోతుంది, పది నిమిషాల కడుగుడుకి బేసిన్ 40 నిమిషాలు మూసుకుపోతుంది. అలా ఉంటే రిసోర్స్ వదిలేసి, ఒక్కో స్టాఫ్ షిఫ్ట్‌ని 15 నిమిషాల తేడాతో మొదలుపెట్టించండి: ఒకరు 9:00, ఒకరు 9:15, ఇంకొకరు 9:30. బేసిన్ల సంగతి, రెండు వారాల కొలతలు ఇక్కడ రాస్తే ఒక్కో సర్వీసుకి అంకె కలిసి చూద్దాం.